వెనక సీటు తీర్పు

ఖరీదైన క్రాసోవర్ ఎస్‌యూవీల సత్తాను స్టీరింగ్ ముందు కూర్చుని కొలవడం అలవాటైపోయింది. మన దేశంలో కారు సుఖం తేలేది మాత్రం వెనకాలే

నేను ఆటోమొబైల్ విలేఖరిని కాను. రాజకీయాలు రాసుకునేవాణ్ణి. అయినా కార్ల గురించి మాట్లాడటానికి నాకూ కాస్త అర్హత ఉంది. పుష్కర కాలంగా ఎన్నికల ప్రచారాల వెంట తిరుగుతూ అద్దె బండ్ల వెనక సీట్లలో గడిపిన గంటలకు లెక్కలేదు. నాయకుడి కాన్వాయ్ దుమ్ము లేపుకుంటూ ముందు పోతుంటే, వెనక బండిలో మోకాళ్ల మీద నోట్‌బుక్ పెట్టుకుని రాసుకోవడం మా వృత్తిలో భాగం. ఆ అనుభవంతో నాకంటూ ఓ పరీక్ష ఏర్పడింది. కదిలే బండిలో రాసిన అక్షరాలు సాయంత్రం గదికి చేరాక మళ్లీ చదవగలిగితే బండి మంచిదే. చదవలేకపోతే ఎంత ఖరీదైనదైనా దండగే.

ఇటీవల ఈ పరీక్షను ఇంటి పని మీద వాడాల్సి వచ్చింది. మా బావ ఏడు సీట్ల క్రాసోవర్ ఎస్‌యూవీ కొన్నారు. డీజిల్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, పైకప్పు పొడుగునా అద్దం, డాష్‌బోర్డు మీద రెండు తెరలు. రోడ్డెక్కేసరికి పాతిక లక్షలు దాటింది. నేనూ అలాంటిదే కొనాలని ఆర్నెల్లుగా బ్రోషర్లు తిరగేస్తున్నాను. అందుకు సాకు కూడా సిద్ధంగా ఉంది: అమ్మ. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయ్యాక ఆమె ప్రయాణాలు దాదాపు మానేసింది. చివరిసారి ఓ పెళ్లికి అద్దె బండిలో వెళ్లొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. శ్రీశైలం వెళ్లి మల్లన్నను చూసి రావాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది.

''ఈ బండిలో అయితే అత్తయ్యగారిని హాయిగా తీసుకెళ్లి తీసుకురావచ్చు'' అన్నారు బావ. ఇంతకు మించిన టెస్ట్ డ్రైవ్ ఏముంటుంది? ఓ ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి హైదరాబాద్ నుంచి బయల్దేరాం. బావ స్టీరింగ్ దగ్గర, పక్కన నాన్న. మధ్య వరసలో అమ్మ, అక్క, నేను. చివరి వరసలో అక్క పిల్లలిద్దరూ. బండి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక కంపెనీ సంగతి కాదు, ఆ తరగతి బండ్లన్నిటి సంగతి.

ముందు ఆ తరగతి ఏమిటో చూద్దాం. స్కార్పియో, ఫార్చూనర్, బొలేరో లాంటివి లారీ పద్ధతిలో తయారవుతాయి. కింద ఉక్కు చట్రం, దాని మీద బాడీ. క్రాసోవర్ అలా కాదు. మామూలు కారులాగే చట్రమూ బాడీ కలిసి ఒకటే నిర్మాణం. చూడటానికి ఎస్‌యూవీ, లోపల కారు. టొయోటా 1994లో రావ్4తో ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా గిరాకీ తెచ్చింది. మన దేశానికి 2003లో హోండా సీఆర్-వీ వచ్చింది కానీ అప్పట్లో అది సంపన్నుల బండి. 2011లో మహీంద్రా ఎక్స్‌యూవీ 500, 2017లో జీప్ కంపాస్, 2019లో టాటా హ్యారియర్ వచ్చాక మధ్యతరగతిలో పైమెట్టు మీదున్నవారికి అందుబాటులోకి వచ్చింది. 2021 అక్టోబర్‌లో ఎక్స్‌యూవీ 700 బుకింగులు మొదలైన రోజున గంట తిరక్కుండానే 25,000 మంది డబ్బు కట్టేశారు. వాళ్లలో ఎందరు బండి వెనక సీట్లో కూర్చుని చూశారో ఊహించుకోవచ్చు.

అసలు ఎస్‌యూవీ అంటే ఏమిటన్న ప్రశ్న మీద మన దేశంలో ఇంజనీర్ల కంటే పన్నుల అధికారులే ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో జీఎస్టీ మండలి నాలుగు షరతులు చెప్పింది. ఇంజన్ 1,500 సీసీ దాటాలి. పొడవు 4,000 మి.మీ. దాటాలి. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం 170 మి.మీ.కు తగ్గకూడదు. నాలుగోది మరీ విచిత్రం: జనం దాన్ని ఎస్‌యూవీ అని పిలుస్తుండాలి! పన్ను ఎగ్గొట్టడానికి కొందరు పేర్లు మార్చేస్తారన్న భయంతో కాబోలు, 2023 జులైలో పేరు ఏదైనా కొలతలే ప్రమాణమని తేల్చారు. 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి 50 శాతం పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు పోయి మొత్తం 40 శాతమైంది. బండి నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో ప్రభుత్వం మిల్లీమీటర్లలో కొలిచింది. ఆ ఎత్తు ఎక్కడానికి మా అమ్మ మోకాలు ఎంత వంగాలన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

మా పరీక్ష అక్కడే, అపార్ట్‌మెంట్ సెల్లారులోనే మొదలైంది. తలుపు బాగా వెడల్పుగా తెరుచుకుంది. కానీ లోపలి నేల ఎత్తుగా ఉంది. అమ్మ ఓ చేత్తో తలుపు పట్టుకుని, మరో చేయి నా భుజం మీద వేసి, కాలు ఎత్తబోయి ఆగిపోయింది. బావ ఏమీ మాట్లాడకుండా వెనక్కి వెళ్లి డిక్కీలోంచి ఓ ప్లాస్టిక్ పీట తెచ్చి కింద వేశారు. పాతిక లక్షల బండికి నూట యాభై రూపాయల పీట. వాళ్లమ్మగారి కోసం మొదటి వారంలోనే కొన్నారట. అయితే ఎక్కాక మాత్రం అమ్మ ముఖం తేటపడింది. సీటు కుర్చీ ఎత్తులో ఉంది. సెడాన్ కారులోలా కిందికి జారగిలబడి, దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువంతా వేసి లేవాల్సిన అవస్థ లేదు. ఎక్కడం కష్టం, కూర్చోవడం సుఖం, దిగడం సులువు. క్రాసోవర్‌కు తొలి మార్కులు ఇవీ.

''అంబాసిడర్‌లో కూర్చున్నట్టు ఉంది'' అన్నారు నాన్న ముందు సీట్లోంచి. ఆ మాటలో నిజముంది. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్‌ను మంత్రులూ కలెక్టర్లూ దశాబ్దాలపాటు వదలకపోవడానికి స్వదేశీ అభిమానం ఒక్కటే కారణం కాదు. అది వెనక సీటు కోసం పుట్టిన బండి. దాని ఇంజన్ గురించి గొప్పలు చెప్పుకున్నవారు తక్కువ. ఇప్పటి బండ్ల ప్రకటనల్లో కనిపించేది మాత్రం స్టీరింగ్ పట్టుకున్న మనిషే. ఆయన వెనక ఎవరున్నారో కెమెరా చూపించదు.

ఇక సత్తా సంగతి. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే బావ ఉత్సాహం ఆపుకోలేకపోయారు. కుడివైపు లేన్లలో గంటకు 120 కి.మీ. వరకు అనుమతి ఉంది. పెడల్ మీద కాలు వేయగానే రెండు టన్నులకు దగ్గర్లో ఉన్న బండి ముందుకు దూకింది. ఈ తరగతి బండ్లు ఆగిన చోటు నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి సుమారు పది సెకన్లు చాలు. బ్రోషర్లలో పెద్ద అక్షరాలతో ఉండేవి రెండు అంకెలు. ఉదాహరణకు 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700 డీజిల్ ఆటోమేటిక్ 185 పీఎస్ శక్తి, 450 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. హ్యారియర్‌లో అవి 170, 350. వెయ్యి సీసీల చిన్న పెట్రోల్ కారులో 67, 89 దగ్గర ఉంటాయి. అంకెలు చూసి బెదిరిపోనక్కర్లేదు. బావిలో నీళ్లు తోడటం గుర్తుచేసుకుంటే చాలు. ఎంత బరువైన చేదను పైకి లాగగలరన్నది టార్క్. నిమిషానికి ఎన్ని చేదలు తోడగలరన్నది శక్తి. నిండా మనుషులతో, సామానుతో కొండ ఎక్కాల్సిన బండికి మొదటిది ముఖ్యం. ఎక్స్‌యూవీ 700లో 450 న్యూటన్ మీటర్లూ ఇంజన్ నిమిషానికి 1,750 నుంచి 2,800 సార్లు తిరిగేటప్పుడే దొరుకుతాయి. అంటే ఇంజన్ అరవకుండానే పని జరిగిపోతుంది.

దాని విలువ మన్ననూరు దాటాక తెలిసింది. అక్కడి నుంచి నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఈ దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసేస్తారు. ఏడుగురం, నాలుగు సంచులు, ఏసీ. ఎత్తుల్లో కూడా ఇంజన్ చప్పుడు లోపలికి వినిపించలేదు. ముందున్న బస్సును దాటాలంటే ఎదురుగా రోడ్డు ఖాళీ కనిపించిన ఆ కొద్ది క్షణాలే సరిపోయాయి. ఎన్నికల రోజుల్లో నేనెక్కిన పాత బండ్లు ఇలాంటిచోట గేరు మార్చి, ఊపిరి బిగబట్టి, సగం దాటాక మనసు మార్చుకునేవి. ఎక్కువ శక్తి ఉన్న ఇంజన్ అంటే ఎక్కువ వేగమే కానక్కర్లేదు, ఎదురు వాహనం ముందు తక్కువసేపు ఉండటం కూడా. ఈ ఒక్క లెక్కన ఆ టార్క్ డబ్బుకు న్యాయం చేసింది.

కానీ అదే శక్తి వెనక కూర్చున్నవారి మీద మరోలా పనిచేస్తుంది. మలుపుకు ముందు బ్రేకు, మలుపు తిరగ్గానే పికప్, మళ్లీ బ్రేకు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు కనుక ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. వెనకవారికి తల ఊగాకే తెలుస్తుంది. బండి ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. నా నోట్‌బుక్‌లో వటవర్లపల్లి ముందు రాసిన నాలుగు పంక్తులు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. చివరి వరసలోని మేనకోడలు ఇక ఆపుకోలేక వాంతి చేసుకుంది. బండి పక్కన ఆపి, నీళ్లు ఇచ్చి, అన్నీ శుభ్రం చేశాక అమ్మ మెల్లగా అంది: ''అల్లుడుగారూ, మనకేం తొందర లేదు కదా.''

బావ మారు మాట్లాడలేదు. అక్కడి నుంచి ఆయన నడిపిన తీరే మారిపోయింది. మలుపులకు చాలా ముందే వేగం తగ్గించారు, కాలు మెత్తగా వేశారు. ఈగలపెంట నుంచి డ్యామ్ వైపు దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా గేర్లు చేత్తో తగ్గించి ఇంజన్‌తోనే బండిని నిలువరించారు. అంత బరువున్న బండికి దిగుడులో అదే సరైన పద్ధతి. నా అక్షరాలు మళ్లీ గుండ్రంగా వచ్చాయి. అదే బండి, అదే రోడ్డు, అదే ఇంజన్. సుఖం కంపెనీ అమ్మే వస్తువు అనుకుంటాం. అందులో సగం డ్రైవర్ కాలి కింద ఉంటుందని ఏ బ్రోషరూ రాయదు.

మిగతా సగం ఎక్కడుంది? చాలావరకు చక్రాల దగ్గరే. టైరు మీద 235/60 ఆర్18 అని రాసి ఉంటుంది. టైరు వెడల్పు 235 మి.మీ., అందులో 60 శాతం, అంటే 141 మి.మీ., రబ్బరు గోడ ఎత్తు, చక్రం 18 అంగుళాలు అని దానర్థం. ఇదే శ్రేణిలో తక్కువ ధర రకాలకు 235/65 ఆర్17 టైర్లు వేస్తుంటారు. లెక్క వేస్తే గోడ ఎత్తు 153 మి.మీ. వస్తుంది. అంటే గుంతకూ మన వెన్నెముకకూ మధ్య దాదాపు అర అంగుళం గాలి, రబ్బరు అదనం. టాప్ మోడల్ కొన్నవారు మెరిసే పెద్ద చక్రాల కోసం డబ్బు కట్టి ఆ అర అంగుళాన్ని వదులుకుంటున్నారన్నమాట. సుఖం ధరతోపాటు పెరుగుతుందనుకునే మనకు ఇది కాస్త చేదు వార్త.

కొన్ని బండ్లలో షాక్ అబ్జార్బర్లు కూడా తెలివిమీరాయి. కంపాస్, ఎక్స్‌యూవీ 700లలో వాడిన పద్ధతిలో చిన్నచిన్న గతుకులు వేగంగా తగిలినప్పుడు లోపలి నూనె అదనపు దారిలో పారి బిగువు తగ్గుతుంది. మలుపులో బండి ఒరుగుతున్నప్పుడు ఆ దారి మూసుకుని బిగువు పెరుగుతుంది. ఈ తరగతి బండ్లకు అసలు పరీక్ష పెద్ద గుంత కాదు. దాన్ని చూసి డ్రైవర్ ఎలాగూ ఆగుతాడు. ఊరు రాగానే వరసగా వచ్చే ఐదారు సన్నటి గట్లు, అతుకులేసిన తారు, ఇవే నడుమును తినేవి. కడ్తాల్, ఆమనగల్లు దాటేటప్పుడు అమ్మ ముఖం చూస్తూ కూర్చున్నాను. గట్ల మీద టకటకమన్న చప్పుడు వినిపించింది కానీ ఆమె చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లలేదు. ఈ విషయంలో బండి నెగ్గింది.

మధ్య వరసకు దక్కిన ఈ గౌరవం చివరి వరసకు దక్కలేదు. వాంతి తర్వాత మేనకోడల్ని ముందుకు పంపి నేను వెనక్కి మారాను. ఈ బండ్లలో రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 2,750 మి.మీ. మధ్య వరస ఆ రెంటికీ నడుమ ఊయలలా ఉంటుంది. చివరి వరస వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. చక్రం ఎగిరితే మనమూ ఎగురుతాం. సీటు కింద ఎత్తు లేక మోకాళ్లు ఛాతీ దగ్గరకు వచ్చాయి. గంటసేపు పిల్లలకు ఫర్వాలేదు, పెద్దలకు అది శిక్ష. పైగా ఆ సీట్లు వాడితే డిక్కీలో మిగిలేది రెండు సంచుల చోటే. మిగతావి కాళ్ల దగ్గర సర్దుకున్నాం. కాగితం మీద ఏడు సీట్లు, ప్రయాణంలో ఐదున్నర. పైకప్పు అద్దం గురించి ఒక్క మాట చాలు: తొమ్మిదింటికల్లా అమ్మ తెర మూయించేసింది. మన ఎండకు అది ఏడాదిలో కొన్ని సాయంత్రాల ముచ్చట.

ఎలక్ట్రానిక్ సాయాల సంగతీ అంతే. ముందు బండికి తగ్గట్టు వేగం సర్దుకోవడం, గీత దాటితే స్టీరింగ్‌ను వెనక్కి లాగడం అవుటర్ రింగ్ రోడ్డు మీద చక్కగా పనిచేశాయి. గీతలు చెరిగిపోయిన చోట, మేకల మందకు పక్కకు తప్పుకోవాల్సిన చోట బండికీ బావకూ వాదన వచ్చింది. ఓ ఆటో హఠాత్తుగా అడ్డం రాగానే బండి తనంతట తానే గట్టిగా బ్రేకు వేసింది. ప్రమాదం తప్పినట్టే. కానీ వెనక కూర్చున్న ముగ్గురం ముందు సీట్లకు కొట్టుకోబోయాం. ఎందుకంటే మాలో ఎవరమూ బెల్టు పెట్టుకోలేదు.

అసలు విషయానికి అప్పుడే వచ్చాం. నాన్న కెమెరాలకు భయపడి బెల్టు పెట్టుకున్నారు. వెనక బెల్టుల కొక్కేలు కొత్త సీటు కవర్ల కింద ఎక్కడో కూరుకుపోయాయి. ఈ దృశ్యం మా ఇంటిది మాత్రమే కాదని లెక్కలే చెబుతున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సీటు బెల్టు పెట్టుకోని మృతులు 16,715 మంది. వారిలో 8,331 మంది డ్రైవర్లు కారు, ప్రయాణికులు. అదే ఏడాది సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ ముంబయి వస్తూ పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద మరణించారు. ఆయన కూర్చున్నది ఇలాంటి ఓ ఖరీదైన క్రాసోవర్ వెనక సీట్లో. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకున్న ఇద్దరూ పోయారు. వెనకవారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందుకు చూసే వెనక సీట్లలోనూ బెల్టు తప్పనిసరని నిబంధన ఉంది. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 చట్ట సవరణ చెబుతోంది. ఉన్నా మనకు ఆ సీటు దర్జాకు గుర్తు, బెల్టు ఆ దర్జాకు లోటు.

మనల్ని మాత్రమే నిందిస్తే సరిపోదు. బండి భద్రతకు కొలమానంగా మనం చూసే నక్షత్రాలు కూడా ముందు సీటు చుట్టూనే తిరుగుతున్నాయి. 2021 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎక్స్‌యూవీ 700 పెద్దల భద్రతలో ఐదు నక్షత్రాలు సాధించింది. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో తొలి ఐదు నక్షత్రాలు హ్యారియర్, సఫారీలవి. మెచ్చుకోవాల్సిన విజయాలే. కానీ 64 కి.మీ. వేగంతో ఎదురుగా గుద్దించే ఆ పరీక్షలో పెద్దల బొమ్మలను కూర్చోబెట్టింది ముందు సీట్లలో. వెనక ఉన్నవి పిల్లల సీట్లలో బిగించిన చిన్న బొమ్మలు. అరవై దాటిన ఆడమనిషి వెనక కూర్చుంటే ఏమవుతుందో ఆ నక్షత్రాలు చెప్పవు. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2022లో డ్రైవర్ వెనక చిన్న ఆకారం ఉన్న మహిళ బొమ్మను కూర్చోబెట్టి ఇలాంటి పరీక్ష మొదలుపెట్టింది. తొలి విడత పరీక్షించిన 15 చిన్న ఎస్‌యూవీల్లో 'గుడ్' రేటింగ్ దక్కింది రెండింటికే. ముందు సీట్ల బెల్టులు ఢీకొన్న క్షణంలో బిగుసుకుని, తర్వాత ఛాతీ మీద ఒత్తిడిని కాస్త సడలించే ఏర్పాటుతో వస్తున్నాయి. చాలా బండ్లలో వెనక బెల్టులకు ఆ భాగ్యం లేదు. కనుక షోరూంలో తెర ఎన్ని అంగుళాలని అడిగే ముందు, వెనక బెల్టులకు ఈ రెండు ఏర్పాట్లూ ఉన్నాయా అని అడగండి. సేల్స్‌మన్ లోపలికి వెళ్లి అడిగి వస్తానంటే మీ ప్రశ్న మంచిదేనని అర్థం.

శ్రీశైలంలో దర్శనం బాగా జరిగింది. బయటికి వచ్చాక చెట్టు నీడలో బండి ఆపి సీటు కవర్ల అడుగు నుంచి కొక్కేలు వెతికి తీయడానికి నాకు, బావకు పది నిమిషాలు పట్టింది. అమ్మకు మొదట పట్టీ మెడకు ఒరుసుకుంది. భుజం మీదికి సర్దితే సరిపోయింది. తిరుగు ప్రయాణంలో అడవి దాటేవరకు ఆమె ఒక్కసారీ దాన్ని తీయలేదు. చీకటి పడేలోపు మన్ననూరు దాటాం. లీటరుకు 13 కి.మీ. చొప్పున డీజిల్ లెక్క తేలింది. అంత బండికి తప్పు పట్టలేం.

మరి నా తీర్పు? ఇంజన్‌కు మంచి మార్కులు. మధ్య వరసకు ఇంకా మంచి మార్కులు. చివరి వరసకు పాస్ మార్కులు. అద్దం పైకప్పుకు సున్నా. కొనదలిస్తే చిన్న చక్రాలున్న మధ్యరకం మోడల్ చాలు. పెద్దవాళ్లను షోరూంకు తీసుకెళ్లి ఎక్కించి దించి చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ మరొకరికి ఇచ్చి అరగంట మీరు వెనక కూర్చోండి. ఇంత రాశాక నేను కొంటున్నానా అని అడుగుతారు. రూ. 20 లక్షల అప్పు తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు రూ. 32 వేలకు పైగా కట్టాలి. వడ్డీయే ఏడు లక్షలు దాటుతుంది. వారంలో ఆరు రోజులు దాదాపు రెండు టన్నుల బండిలో, 1,890 మి.మీ. వెడల్పుతో, ఒక్క మనిషిని నగరం ట్రాఫిక్‌లో మోసుకుపోవడానికి.

ఇల్లు చేరాక ఆ లెక్క అమ్మకు చెప్పలేదు. నడుము ఎలా ఉందని మాత్రం అడిగాను. బాగానే ఉందంది. పీట మీద అడుగు వేసి దిగి, బండివైపు ఓసారి చూసి అడిగింది: ''బండి బాగుందిరా. కొంటే నన్ను ఏడాదికి ఎన్నిసార్లు ఎక్కిస్తావు?''

బ్రోషర్లన్నీ వెతికాను. ఆ ప్రశ్నకు జవాబు వాటిలో లేదు. నా దగ్గర ఉన్న జవాబు చెప్పడానికి మొహం చెల్లలేదు. కొనే సంగతి ప్రస్తుతానికి వాయిదా వేశాను. వచ్చే నెలలో యాదగిరిగుట్ట తీసుకెళ్తానని మాటిచ్చాను, బావ బండిలోనే. పీట మాత్రం నేను కొంటున్నాను.